ఒక జంటాక్షరము – మూడు ధ్వనులు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై, నల్లగొండ జిల్లాలో, చిట్యాల యను ఊరు కలదు. ఆ ఊరి పేరును ఆంగ్లలిపిలో వ్రాయునపుడు మొదట 'సి' అక్షరమును, దాని వెంట 'హెచ్' అక్షరమును వ్రాయుదురు. ఆ రెండును కలిసి అచ్చట చకారధ్వని నిచ్చును. తన ఊరి పేరే ఉదాహరణముగా నున్నపుడు బాలునకు దీనిని నేర్చుటకు ఒక్క దినము చాలును. చిక్కు అటుపిమ్మట వచ్చును. అదే జంట 'స్కూల్' అను మాటలో కకారమగును. 'మెషీన్' అను మాటలో షకారమగును. ఊరి పేరులో ఒక తీరున, బడి పేరులో మఱియొక తీరున, ఇంటిలోని కుట్టుమిషను పేరులో వేఱొక తీరున పలుకు ఈ జంటను బాలుడెట్లు నమ్మవలెను?

ఈ ప్రశ్న చూచుటకు చిన్నదే. కాని నేడు దాని బరువు పెరిగినది. 2022–23 విద్యా సంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1వ తరగతి మొదలు 8వ తరగతి వఱకు ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లముగా పాఠ్యపుస్తకములు అచ్చయినవి. ఇంట ఆంగ్లము వినని పిల్లలు ఇప్పుడు లెక్కలను, విజ్ఞానశాస్త్రమును సైతము ఆ భాషలో చదువుచున్నారు. అట్టి పిల్లవాడు తరగతిలో లేచి, 'కెమిస్ట్రీ' అనవలసిన చోట 'చెమిస్ట్రీ' అని చదివినచో తోడివారు నవ్వుదురు. నిజమునకు వాడు నేర్చిన సూత్రమును నమ్మి నడచినాడు. అంతకంటె వేఱు నేరము చేయలేదు. కాని ఒక్కమారు నవ్వులపాలైన పిల్లవాడు మఱునాడు నోరు విప్పుటకు జంకును. "ఆంగ్లమునకు న్యాయము లేదు నాయనా, కంఠస్థము చేయుము" అని ఉపాధ్యాయుడు వానిని ఓదార్చును.

ఈ సమాధానము దయతో చెప్పినదే గాని పూర్తిగా సత్యము కాదు. ఆంగ్ల వర్ణక్రమమునకు ఒక న్యాయమున్నది. ఆ న్యాయము వ్యాకరణములో కంటె చరిత్రలో కనబడును. మాటలు ఆ భాషలోనికి వేర్వేఱు కాలములందు, వేర్వేఱు ద్వారముల గుండ వచ్చినవి. సి-హెచ్ జంట యొక్క ధ్వని, మాట ఏ ద్వారమున వచ్చినదో తెలుపు ముద్ర.

గ్రీకు ద్వారము

మొదట కకారము సంగతి. ప్రాచీన గ్రీకు భాషలో ఒక అక్షరము కలదు. నాటి దాని ధ్వని తెలుగు వర్ణమాలలోని 'ఖ' వంటిది. అనగా కకారమునకు హకారపు ఊపిరి చేరిన మహాప్రాణము. రోమనులు గ్రీకు మాటలను తమ లాటిను భాషలోనికి తెచ్చుకొనునపుడు, తమ లిపిలో దీనికి సరియైన అక్షరము లేకపోయెను. అందుచే వారు కకారమునకు తాము వాడు 'సి' వ్రాసి, ఊపిరికి గుర్తుగా 'హెచ్' చేర్చిరి. ఈ జంట పుట్టుక అదియే. అచ్చతెలుగు మాటలకు మహాప్రాణములు లేనట్లే, లాటినునకును అవి సహజములు కావు. తెలుగు పల్లెలలో 'ఖర్చు' కాస్త 'కర్చు' అయినట్లు, 'ముఖము' కాస్త 'మొకము' అయినట్లు, ఆ మాటలలోని ఊపిరియు కాలక్రమమున జాఱిపోయి కకారము మాత్రము మిగిలెను. వ్రాతలో 'హెచ్' నిలిచినది, పలుకులో పోయినది.

కావున గ్రీకు మూలముగల మాటలలో ఈ జంట సాధారణముగా కకారమగును. ఇవి చాల వఱకు శాస్త్రములకు, కళలకు, పాండిత్యమునకు చెందిన మాటలు. 'కోరస్' అనగా బృందగానము. 'ఆర్కెస్ట్రా' అనగా వాద్యబృందము. 'ఎకో' ప్రతిధ్వని, 'కేయాస్' అల్లకల్లోలము, 'స్కీమ్' పథకము, 'స్టమక్' కడుపు. 'మొనార్క్' అనగా తానొక్కడై ఏలు రాజు. గ్రీకులో 'ఖ్రోనోస్' అనగా కాలము. దాని నుండి దీర్ఘకాలము వదలని వ్యాధిని చెప్పు 'క్రానిక్', కాలక్రమమున వ్రాసిన చరిత్రను చెప్పు 'క్రానికల్' వచ్చినవి. ఒక్క మూలము తెలిసినచో రెండు మాటలును, వాని అర్థములును కలిసి గుర్తుండును. 'క్యారెక్టర్' అను మాటకు గ్రీకులో చెక్కిన గుర్తు అని అర్థము. అందువలననే ఆంగ్లమున అది అక్షరమునకును, మనుష్యుని శీలమునకును, నాటకములోని పాత్రకును పేరైనది.

ఇచ్చట విద్యార్థులకు ఒక సులభమైన ఆనవాలు కలదు. మాట మొదట ఈ జంట వెంటనే 'ఆర్' గాని 'ఎల్' గాని వచ్చినచో అది కకారమే. 'క్రిస్మస్', 'క్రోమియమ్', 'క్లోరిన్' అను మాటలు ఇందుకు సాక్ష్యము.

ఈ ద్వారమున వచ్చిన మాటయొకటి నల్లగొండ ప్రాంతపు వెనుకటి తరమువారికి వేఱొక రూపమున పరిచితము. 1948కి పూర్వము ఈ ప్రాంతము నిజాము రాజ్యములో నుండెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆనాడు ఉర్దూయే బోధన మాధ్యమము. రసాయనశాస్త్రమునకు ఉర్దూలో 'కీమియా' యని పేరు. గ్రీకుల నుండి అరబ్బులు గ్రహించిన మాట అది. అరబ్బీ నుండి పడమటికి పోయి, 'అల్' అను ఉపపదమును మోసికొని, లోహములను బంగారముగా మార్చజూచు 'ఆల్కెమీ' యయ్యెను. పిదప 'కెమిస్ట్రీ' యయ్యెను. అదే మాట తూర్పునకు వచ్చి, పారసీకమును దాటి, ఉర్దూలో కీమియాగా నిలిచెను. తాత చదివిన కీమియా, మనుమడు చదువుచున్న కెమిస్ట్రీ ఒక్క తల్లి బిడ్డలే. ఆ ఉర్దూ మాటలో కకారము స్పష్టముగా వినబడుచున్నది. 'చెమిస్ట్రీ' అని చదివిన పిల్లవానికి ఈ కథ చెప్పినచో వాడు ఆ మాటను మఱల తప్పు చదువడు.

'స్కూల్' అను మాటయు గ్రీకు సంతతిదే. మూలములో దానికి తీరిక యని అర్థము. తీరిక దొరకినవారు చర్చలతో, చదువుతో ప్రొద్దు పుచ్చెడివారు గనుక, క్రమముగా ఆ మాట చదువు చెప్పు చోటికి పేరైనది. ఇంటి గంట ఎప్పుడు కొట్టుదురా యని ఎదురుచూచు పిల్లలకు ఈ అర్థము వింతగా తోచును.

ఇంటి మాటల ద్వారము

ఇక చకారము. ఆంగ్లేయుల ఇంటింటి మాటలలో ఈ జంట చకారముగా పలుకును. 'చైల్డ్' బిడ్డ, 'చిన్' గడ్డము, 'చీక్' చెంప, 'చ్యూ' నములుట, 'చూజ్' ఎంచుకొనుట, 'చీజ్' జున్ను వంటి పాల పదార్థము, 'టీచ్' బోధించుట, 'రీచ్' చేరుట, 'బెంచ్' బల్ల. ఇవి పొట్టి మాటలు, నిత్యము నోట మెలగు మాటలు. పూర్వము ఆంగ్లేయులు వీనిని 'సి' అక్షరముతో మాత్రమే వ్రాసెడివారు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట, ఫ్రెంచి అలవాటు గల లేఖకులు తమ పద్ధతి ననుసరించి 'హెచ్' చేర్చి వ్రాయసాగిరి.

ఈ మాటలలో చకారము ఎట్లు పుట్టినదో గమనించినచో తెలుగువారికి ఆశ్చర్యము కలుగును. ఆంగ్లమునకు దాయాదియైన జర్మను భాషలో గడ్డమును 'కిన్' అందురు; ఆంగ్లములో 'చిన్' అందురు. ఇ, ఎ వంటి స్వరములు ప్రక్కన నున్నచోట పూర్వపు కకారము, నాలుక ముందునకు జరుగుటచే, ఆంగ్లమున చకారముగా మారినది. సరిగా ఇదే మార్పు తెలుగులోను జరిగినది. పాలమూరు సీమ ఎల్ల దాటి రాయచూరు దిక్కునకు పోయినచో చెవిని 'కివి' యందురు. తెలుగువారి చెందామర కన్నడిగులకు కెందావరె. తెలుగు 'చిఱు' కన్నడమున 'కిఱు'. ఇ, ఎ స్వరములకు ముందున్న పాత కకారమును కన్నడము నిలుపుకొన్నది. తెలుగు, తమిళము మార్చుకొన్నవి. భాషాశాస్త్రవేత్తలు ఈ మార్పును తాలవ్యీకరణమందురు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్ర శాఖకు తొలి ఆచార్యులైన భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో ప్రకటించిన 'తెలుగు వెర్బల్ బేసెస్' వంటి గ్రంథముల వలన తెలుగు మాటల ధ్వనిచరిత్ర శాస్త్రీయముగా వెల్లడియైనది. జర్మనునకు ఆంగ్లమెట్లో, ఈ విషయమున కన్నడమునకు తెలుగు అట్లు. వేల క్రోసుల దూరమున, ఒండొంటి నెఱుగని భాషలలో, నాలుక ఒకే త్రోవ త్రొక్కినది.

ఫ్రెంచి ద్వారము – రెండు కాలములు

షకారమునకు మూలము ఫ్రెంచి. ఇచ్చట కాలభేదమును తెలిసికొనవలెను. పాత ఫ్రెంచిలో ఈ జంట చకారముగనే పలికెడిది. నార్మనుల కాలమున, ఆ తరువాత కొంతకాలమును, ఆంగ్లములోనికి వచ్చిన 'చెయిర్', 'చెయిన్', 'చేంజ్', 'ఛార్జ్', 'ఛాంబర్', 'చాప్టర్' అను మాటలు అందుచే నేటికిని చకారముతోనే యున్నవి. 13వ శతాబ్దిలో ఫ్రెంచివారి పలుకు మారి, చకారము షకారమైనది. అటుపిమ్మట అరువు వచ్చిన మాటలు ఆ క్రొత్త పలుకును వెంట తెచ్చుకొన్నవి. ఇవి తఱచుగా వంటకు, వస్త్రములకు, విలాసములకు, యంత్రములకు చెందిన మాటలు. 'షిఫాన్' పలుచని వస్త్రము; 'క్రోషే' కొక్కెపు సూదితో చేయు దారపు అల్లిక; 'బ్రోషర్' వివరముల చిన్న పొత్తము; 'పారాషూట్' ఆకాశము నుండి దిగు గొడుగు; 'షాండిలియర్' పెక్కు దీపముల వ్రేలాడు గుత్తి.

ఒకే మాట రెండుమార్లు అరువు వచ్చినచో ఏమగునో 'చీఫ్', 'షెఫ్' అను మాటలు చూపును. రెండింటికిని మూలము తల యను అర్థముగల లాటిను మాట. ముందుగా వచ్చిన 'చీఫ్' ఏ శాఖకైనను పెద్దయై చకారము నిలుపుకొన్నది. 19వ శతాబ్దిలో మఱల వచ్చిన 'షెఫ్' వంటశాలకు పెద్దయై షకారమును తెచ్చినది. దీపమునకు సంబంధించిన మూడు మాటలు ఇంతకంటె విశదముగా చెప్పును. లాటిను నుండి మిక్కిలి ప్రాచీనకాలమున వచ్చిన 'క్యాండిల్' క్రొవ్వొత్తి. దానిలో 'సి' యొక్కటే యుండి కకారమైనది. పాత ఫ్రెంచి నుండి వచ్చిన 'చాండ్లర్' క్రొవ్వొత్తులు చేసి అమ్మువాడు; అది చకారము. క్రొత్త ఫ్రెంచి నుండి వచ్చిన 'షాండిలియర్' షకారము. మూడు ధ్వనులు, మూడు యుగములు, ఒక్క దీపము.

రహదారి ప్రక్కనున్న ఊళ్లలో 'మెకానిక్' అని వ్రాసిన బోర్డు లేనిచోటు అరుదు. ఆ మాటలోను సి-హెచ్ జంటయే యున్నది, కకారముగా పలుకును. మెకానిక్ బాగుచేయునది మెషీనును. ఈ రెండును ఒక్క గ్రీకు మాట సంతానమే. 'మెకానిక్' లాటిను పండితుల బాటలో వచ్చి కకారమును నిలుపుకొన్నది. 'మెషీన్' ఫ్రెంచి వారి ఇంట కొంతకాలముండి షకారమును నేర్చుకొన్నది. ఈ జంటను చూపుటకు గ్రంథాలయమునకు పోనక్కఱలేదు. లారీలు ఆగు చోటికి పోయిన చాలును.

తెలుగు చకారపు రహస్యము

ఒక గుర్తు వేర్వేఱు ధ్వనులు పలుకుట ఆంగ్లమునకే పట్టిన దోషమని తలచువారు తమ చకారమును ఒక్కమారు పరిశీలింపవలెను. 'చాప' యను మాటను, 'చాపము' అను మాటను పలికి చూచినచో తెలియును. నేలపై పఱచు చాపలోని చకారమునకు నాలుక కొన పండ్లను తాకును. విల్లు అను అర్థముగల చాపములోని చకారమునకు నాలుక అంగిలిని తాకును. మొదటిది దంత్యము, రెండవది తాలవ్యము. వ్రాత ఒక్కటే, పలుకులు రెండు. అట్లే 'చలి' దంత్యము, 'చలనము' తాలవ్యము. 'చుక్క' దంత్యము, 'చుంబనము' తాలవ్యము.

కారణమేమి? చాప, చలి, చుక్క దేశ్యములు. చాపము, చలనము, చుంబనము సంస్కృతము నుండి వచ్చిన తత్సమములు. తెలుగు మాటలలో ఇ, ఈ, ఎ, ఏ స్వరములతో కూడిన చకారము తాలవ్యమనియు, తక్కిన స్వరములతో కూడినది దంత్యమనియు వ్యాకర్తలు నియమము చెప్పిరి. సంస్కృతసమములలో ఎల్లెడల తాలవ్యమే. పరవస్తు చిన్నయసూరి తన బాలవ్యాకరణమున తెలుగు వర్ణములను ముప్పదియాఱుగా లెక్కించినపుడు దంత్య చకారమును, దంత్య జకారమును వేఱు వర్ణములుగనే గ్రహించెను. కాని వాడుకలోని అచ్చు ఆ భేదమును చూపదు. అయినను తెలుగు బిడ్డ ఎవరును చెప్పకయే చాపను ఒక తీరున, చిలుకను ఒక తీరున పలుకుచున్నాడు.

అనగా ధ్వనిని బట్టి మాట పుట్టిన చోటును గుర్తించు విద్య తెలుగు బిడ్డకు క్రొత్తది కాదు. వాని నోటిలోనే అది యున్నది. వాని చకారమునకు రెండు ద్వారములు. ఆంగ్లపు జంటకు మూడు. లెక్కలో భేదమే గాని పద్ధతి ఒక్కటే. తెలుగు తరగతిలో దేశ్య తత్సమ విభాగమును పరీక్షలో మార్కుల కొఱకు మాత్రమే వల్లించి మఱచిన విద్యార్థి, ఆంగ్లమున తనకు అక్కఱకు వచ్చు తాళపుచెవిని పోగొట్టుకొనుచున్నాడు. ఆంగ్లమును నేర్చుటకు తెలుగును తగ్గింపవలెనని తలచు పెద్దలు ఈ సంగతి నాలోచింపవలెను.

అపవాదములు

ఏ సూత్రమునకైనను అపవాదములుండును. వానిని దాచుట పిల్లలను మోసగించుట. నొప్పి యను అర్థముగల 'ఏక్' అను మాట గ్రీకుది కాదు. దాని క్రియారూపమును పూర్వము 'కె' అక్షరముతో వ్రాసెడివారు. 1755లో తన నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్ దానిని గ్రీకు మాట సంతతియని పొరబడి, నామమునకును క్రియకును ఈ జంటతో కూడిన రూపమునే మేలనెను. అదియే నిలిచినది. అంతటి పండితుడే పొరబడిన చోట బాలుడు తడబడుట వింత కాదు. చర్చిలో పాడు బృందమునకు పేరైన 'క్వయర్' అను మాటను 'కోరస్'తో పోల్చి వ్రాత మార్చిరి గాని పలుకు మార్చలేదు. డచ్చి నుండి వచ్చిన 'యాట్' అను విహారనౌకలో ఈ జంట మౌనవ్రతము పట్టినది. 'ఆర్చిబిషప్'లో చకారము, 'ఆర్కేంజిల్'లో కకారము. రెండింటి మొదటి భాగమును ప్రధానమను అర్థముగల ఒక్క గ్రీకు మాటయే. ఇట్టివి కొన్నిటిని కంఠస్థము చేయక తప్పదు. కాని పదింటిని కంఠస్థము చేయుట వేఱు, వేయింటిని చేయుట వేఱు.

భారతదేశపు మాటలు ఆంగ్లములోనికి పోయినపుడు ఈ జంట మఱల చకారమే యైనది. 'చిట్' అను మాటకు మూలము హిందీ చిట్ఠీ. 'చీతా' మచ్చలు గలదను భావముతో సంస్కృత చిత్రశబ్దము నుండి హిందీ ద్వారా పోయినది. బాటసారులు దిగు సత్రమునకు ఆంగ్లేయులు వాడిన 'చౌల్ట్రీ' యను మాటకు మూలము తెలుగు మొదలగు దక్షిణదేశ భాషలలోని చావడి. 1886లో వెలువడిన 'హాబ్సన్–జాబ్సన్' అను నిఘంటువులో ఈ మాటకు స్థానము కలదు. తెలుగు చావడిలోని దంత్య చకారమును ఆంగ్లేయుల చెవి పట్టుకొనలేకపోయెను. తమ తాలవ్యముతోనే సరిపెట్టుకొనెను. పరభాషా ధ్వని వద్ద తడబడుట చిట్యాల బాలునికే కాదు, దేశమునేలిన దొరలకును తప్పలేదు.

తరగతిలో చేయదగినది

ఇంత చరిత్రను 6వ తరగతి పిల్లలకు ఉపన్యసింపనక్కఱలేదు. నల్లబల్లపై మూడు గడులు గీసిన చాలును. మొదటి దానిపై 'చైల్డ్' అనియు, రెండవ దానిపై 'స్కూల్' అనియు, మూడవ దానిపై 'మెషీన్' అనియు వ్రాయవలెను. పాఠములో ఈ జంట కలిగిన మాట ఎదురైనపుడెల్ల పిల్లలే లేచి, పలికి, అర్థము చెప్పి, తగిన గడిలో చేర్చవలెను. కొలది వారములలో శాస్త్రపు మాటలు రెండవ గడిలోను, ఇంటి మాటలు మొదటి గడిలోను, విలాసపు మాటలు మూడవ గడిలోను చేరుచున్నవని వారే కనుగొందురు. ఏ గడిలోను ఇముడని వానిని ప్రక్కన వేఱుగా వ్రాసికొందురు. తాము కనుగొన్నది పిల్లలు మఱువరు. క్రొత్త మాట కంటబడినపుడు ఇది ఏ ఇంటిదో యని ఒక్క క్షణమాగి యోచించుట అలవడును. కంఠస్థము చేయుటకంటె ఆ యోచన విలువైనది.

ఆ మూడు గడుల ప్రక్కన నాలుగవ గడి యొకటి గీసి, అందు 'చాప', 'చాపము' అని తెలుగులో వ్రాసి రెండింటిని బిగ్గరగా పలికించినచో పాఠము పూర్తియగును. 'చెమిస్ట్రీ' అని చదివి నవ్వులపాలైన పిల్లవాడు ఆనాడు ఆ రెండు మాటలను అందఱి కంటె చక్కగా పలుకవచ్చును.